రీలు కడిగాక మొదలయ్యే పని



అటక మీద పాత ట్రంకుపెట్టె ఉన్నవాళ్లు ఈ ప్రసంగం కాస్త చెవి ఒగ్గి వినాలని మనవి. ఆ పెట్టెలో పెళ్లిపత్రికల అడుగున, బీమా కాగితాల అడుగున, ఒక నల్లటి కెమెరా తోలు సంచీలో పడి ఉండవచ్చు. ముందు వైపు అగ్ఫా క్లిక్ త్రీ అని రాసి ఉంటుంది. బరోడాలోని న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వాళ్లు తయారుచేసిన కెమెరా అది. స్టూడియోకి వెళ్లకుండా ఇంట్లోనే ఫోటో తీసుకోవచ్చునని మన మధ్యతరగతిలో చాలామందికి తెలియజెప్పింది ఆ డబ్బా కెమెరాయే.

దాంతో ఫోటో తీసేటప్పుడు మనం తేల్చుకోవలసినవి దాదాపు ఏమీ ఉండవు. ఒకే లెన్స్, షట్టర్‌కు ఒకే వేగం. ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు. ఏది కావాలంటే దాని దగ్గరికి మీట జరపాలి. మనుషుల్ని పదడుగుల అవతల నిలబెట్టి, సూర్యుణ్ణి మన వీపు వైపు ఉంచుకుని, ఊపిరి బిగబట్టి నొక్కితే టిక్కుమంటుంది. అంతటితో సరి. ఆ కాలపు ఫోటోల్లో అందరూ కళ్లు చికిలించి, నొసలు ముడిచి కనిపించేది అందుకే. కోపం వచ్చి కాదు, మొహం మీద ఎండ కొట్టి.

తీసేటప్పుడు తేల్చుకునేది తక్కువ కాబట్టి, తీశాక తేల్చుకోవలసింది ఎక్కువ. ఈ సంగతి అప్పట్లో మనకు తట్టలేదు. తట్టే అవసరం కూడా రాలేదు. మన తరఫున స్టూడియో ఆయనే చీకటి గదిలో అన్నీ తేల్చేసి, ఏది నల్లగా ఉండాలో ఏది తెల్లగా ఉండాలో నిర్ణయించి, అంచులు కోసి, కవరులో పెట్టి ఇచ్చేవాడు. మనం ఆల్బంలో అంటించుకున్నది ఆయన నిర్ణయాన్ని. ఇప్పుడు చీకటి గది స్థానంలో స్కానర్ వచ్చింది. ఆ నిర్ణయం మన చేతికొచ్చింది. ఇవాళ నేను ముఖ్యంగా మాట్లాడదలచుకున్నది దాని గురించే. కానీ అక్కడికి పోవాలంటే ముందు రీలు వేయాలి, తీయాలి, కడగాలి.

ఈ కెమెరాలో పట్టే రీలును 120 అంటారు. అమెరికాలో కొడాక్ కంపెనీ 1900లో ఒక డాలరు ధరకు బ్రౌనీ అనే డబ్బా కెమెరాను తెచ్చింది. ఆ మరుసటి ఏడాది, 1901లో, దాని రెండో నంబరు కెమెరా కోసం పుట్టిన కొలత ఈ 120. తరువాత వచ్చిన 127, 620, 126, 110 లాంటి కొలతలన్నీ అంగళ్లలోంచి దాదాపు మాయమయ్యాయి. 120 మాత్రం ఇప్పటికీ తయారవుతోంది. కాబట్టి మీ తాతగారి క్లిక్ త్రీలో ఈ రోజు కొత్త రీలు వేసి ఫోటోలు తీయవచ్చు. పదిహేనేళ్ల కిందట కొన్న డిజిటల్ కెమెరాకు బ్యాటరీ దొరక్క తిరిగినవాళ్లకు ఈ మాట విలువ బాగా తెలుస్తుంది.

రీలు వేసేటప్పుడు నీడపట్టున కూర్చోవాలి. 120కి రేకు డబ్బీ ఉండదు. ఫిలిం వెనక పొడుగునా నల్ల కాగితం ఉంటుంది, రెండూ కలిపి స్పూలుకు చుట్టి ఉంటాయి. అంటించిన పట్టీ చింపి, కాగితం కొనను లాగి, అవతలి ఖాళీ స్పూలు చీలికలో దూర్చి, ఒకటి రెండు చుట్లు బిగువుగా తిప్పి, వెనక తలుపు మూయాలి. ఆ తలుపులో చిన్న ఎర్ర కిటికీ ఉంటుంది. కీ తిప్పుతూ కిటికీలోకి చూస్తుంటే ముందు ఏవో గుర్తులు జరిగిపోతాయి, తరువాత 1 అంకె వస్తుంది. అక్కడ ఆగాలి. ఫోటో తీశాక 2 వచ్చేదాకా తిప్పాలి. అలా పన్నెండు. పన్నెండూ అయ్యాక మిగిలిన కాగితమంతా చుట్టేసి, పట్టీ తడిపి అంటించి, చీకట్లో దాచాలి. ఖాళీ అయిన స్పూలును పారేయకండి, వచ్చే రీలును చుట్టుకోవలసింది దాని మీదే.

ఆ కిటికీ ఎరుపు ఎందుకంటే, పాతకాలపు ఫిలింకు ఎరుపు రంగు కనిపించేది కాదు. ఎర్ర వెలుగు ఎంత పడినా దానికి చీకటే. ఇప్పటి ఫిలిం అన్ని రంగులకూ స్పందిస్తుంది. అందువల్ల అంకె చూసుకోగానే ఆ కిటికీ మీద నల్ల టేపు ముక్క అంటించడం మంచిది. ఇంకో మాట. పెట్టెలో దొరికిన కెమెరాను ఆత్రంగా తెరిచేయకండి. ముందు ఆ కిటికీలోకి తొంగిచూడండి. అంకె కనిపిస్తే లోపల రీలు ఉన్నట్టే. ఎవరు తీశారో, ఎవర్ని తీశారో, తలుపు తెరిస్తే ఒక్క క్షణంలో అంతా పోతుంది.

ఇక బొమ్మ కెమెరాలు. 1960లలో హాంకాంగ్‌లో గ్రేట్ వాల్ అనే ప్లాస్టిక్ ఫ్యాక్టరీ డయానా అనే కెమెరాను చేసింది. ఒళ్లంతా ప్లాస్టిక్, లెన్స్ కూడా ప్లాస్టికే. పోటీల్లో బహుమతిగా, ఏదైనా కొంటే ఊరికే ఇచ్చే సరుకుగా టోకున అమ్ముడుపోయేది. పిల్లల ఆటవస్తువు అనుకున్న ఆ కెమెరాతో నాన్సీ రెక్స్‌రాత్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఏళ్ల తరబడి పనిచేసి, 1977లో ‘అయోవా’ అనే పుస్తకం వేసింది. ఆ ఫోటోల్లో ఎక్కువ భాగం తీసింది అయోవాలో కాదు, ఒహైయోలో. చిన్నప్పుడు చుట్టపుచూపుగా వెళ్లిన ఊళ్ల జ్ఞాపకం ఆ మసక మసక చిత్రాల్లో ఆమెకు కనబడింది కనుక ఆ పేరు పెట్టుకుంది.

1982లో అదే హాంకాంగ్ నుంచి హోల్గా వచ్చింది. చైనాలో మామూలు జనం కోసం చౌకగా చేసిన కెమెరా. అది కూడా 120 రీలుదే. దూరం చూపడానికి దాని లెన్స్ చుట్టూ అంకెల బదులు బొమ్మలుంటాయి. ఒక మనిషి, ఒక చిన్న కుటుంబం, ఒక గుంపు, ఒక కొండ. చదువు రాకపోయినా వాడుకోవచ్చు. ఎండా మబ్బూ మార్చే మీట కూడా ఉంది కానీ, తొలి హోల్గాల్లో అది ఎటు జరిపినా ఒకటే, లోపలికి వచ్చే వెలుగులో మార్పుండదు! రీలు తిప్పడానికీ షట్టర్ నొక్కడానికీ లంకె లేదు. తిప్పడం మరిచిపోతే ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడుతుంది. వెనక తలుపు పట్టుకునే క్లిప్పులు సగం దారిలో ఊడిపోతాయి, అందుకే హోల్గా ఉన్నవాళ్ల సంచీలో నల్ల టేపు చుట్ట తప్పకుండా ఉంటుంది. ఇంత ముచ్చటైన కెమెరాతోనే డేవిడ్ బర్నెట్ అనే పత్రికా ఫోటోగ్రాఫర్ 2000 అమెరికా ఎన్నికల ప్రచారంలో అల్ గోర్‌ను ఫోటో తీశాడు. వైట్‌హౌస్ న్యూస్ ఫోటోగ్రాఫర్ల సంఘం పోటీలో దానికి బహుమతి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ల చేతుల్లో అప్పటి ఖరీదైన కెమెరాలు ఉన్నాయని వేరే చెప్పక్కర్లేదు.

అలాగని లోపాలన్నింటినీ కళ అని భుజాన మోయడం నాకు ఇష్టం ఉండదు. మూలలు నల్లబడటం, అంచులు చెదిరిపోవడం, మధ్యలో మాత్రం మొహం స్పష్టంగా నిలవడం, ఇవన్నీ ఒంటి గాజు లెన్స్‌కో ఒంటి ప్లాస్టిక్ లెన్స్‌కో సహజమైన గుణాలు. వెలుగు కిరణాలు మధ్యలో సూటిగా వస్తాయి, పక్కకు పోయేకొద్దీ ఒక చోట కలవవు. దాన్ని సరిదిద్దడానికే మంచి లెన్స్‌లలో మూడు నాలుగు గాజు ముక్కలు పేరుస్తారు. బొమ్మ కెమెరాలో ఆ ఖర్చు మిగుల్చుకున్నారు, అంతే. ఫోటో బాగుంటే ఆ చెదరడం కూడా బాగుంటుంది. బాగా లేని ఫోటోను మూలల నలుపు కాపాడదు.

మన ఎండకు ఏ రీలు వేయాలి? కెమెరాలో కొలమానం లేకపోయినా ఒక పాత లెక్క ఉంది. నడి ఎండలో అపెర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం, అంకె తగ్గేకొద్దీ పెద్దదవుతుంది) 16 పెట్టి, ఫిలిం వేగం ఎంతో సెకనులో అన్నో వంతు షట్టర్ తెరిస్తే సరిపోతుంది. ఫిలిం 100 అయితే సెకనులో నూరో వంతు. హోల్గా అపెర్చర్ 8 అనుకుందాం, షట్టర్ సుమారు నూరో వంతు. అంటే 100 రీలు వేసినా కావలసినదానికి నాలుగు రెట్లు వెలుగు పడుతుంది. భయపడనక్కర్లేదు. నెగెటివ్ ఫిలిం ఎక్కువ వెలుగును బాగానే ఓర్చుకుంటుంది, తక్కువ వెలుగునే ఓర్చుకోదు. ఈ డబ్బా కెమెరాల వ్యాపారమంతా నడిచింది ఫిలింకున్న ఆ ఓర్పు మీదే. కాబట్టి మన ఊళ్లలో మార్చి నుంచి జూన్ దాకా 100 రీలు చాలు. శ్రావణం మబ్బుల్లో, వరండాల్లో అయితే 400 వేయండి.

సెకండ్‌హ్యాండ్‌లో మంచి పాత కెమెరా కొనాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. పెళ్లి ఫోటోగ్రాఫర్లు మెడలో వేసుకుని, తల వంచి పైనుంచి చూస్తూ తీసే రెండు లెన్స్‌ల యాషికా గుర్తుందా? అలాంటివి ఇప్పటికీ పనిచేస్తున్నవి దొరుకుతాయి. కొనేముందు లెన్స్‌లోంచి టార్చిలైటు వేసి చూడండి. కోస్తా తేమకు లోపల బూజు పట్టి సాలెగూడు అల్లుకుని ఉంటే వదిలేయండి. షట్టర్‌ను అన్ని వేగాల్లో నొక్కి చెవి పెట్టి వినండి, సెకను వేగం నిజంగా సెకనంత ఉండాలి. యాషికా మ్యాట్ 124 జీ లాంటి వాటిలో వెలుగు కొలిచే మీటరు 1.35 వోల్టుల పాదరసపు సెల్లుకు తయారైంది. ఆ సెల్లులు ఇప్పుడు రావు, 1.5 వోల్టుల మామూలు సెల్లు వేస్తే మీటరు తప్పు చెబుతుంది. మీటరును నమ్మడం మాని, ఇందాక చెప్పిన ఎండ లెక్కను నమ్ముకుంటే సరి.

ఇక కడగడం. రీలు కడిగించడం అంటే ఒకప్పుడు సందు చివర స్టూడియోలో ఇచ్చి రెండ్రోజుల తరువాత వెళ్లడం. ఇప్పుడు ఫిలిం కడిగే ల్యాబులు నగరాల్లో మాత్రమే, అవీ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. బ్లాక్ అండ్ వైట్ అయితే ఇంట్లోనే కడుక్కోవచ్చు, వంటింటి సింకు చాలు. చీకట్లో రీలును ప్లాస్టిక్ చక్రానికి ఎక్కించి, వెలుగు చొరని ట్యాంకులో పెట్టి మూత బిగిస్తే, ఆ తరువాత అంతా వెలుతురులోనే. డెవలపర్ పోయడం, పారబోయడం, తరువాత ఆపే నీళ్లు, తరువాత హైపో, చివరికి మంచినీళ్లు. వెండి లవణాలను హైపో కరిగిస్తుందని జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త 1819లోనే, ఫోటోగ్రఫీ పుట్టకముందే, కనిపెట్టాడు. వెలుగు తగలని వెండిని అది కడిగేస్తుంది కాబట్టే బొమ్మ నిలుస్తుంది.

అసలు తంటా వేడితో. బ్లాక్ అండ్ వైట్ కడుగుడుకు పుస్తకాల్లో రాసే ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. ఇల్‌ఫర్డ్ వాళ్ల హెచ్‌పీ ఫైవ్ రీలును డీ 76 డెవలపర్‌లో ఏమీ కలపకుండా ఆ 20 డిగ్రీల దగ్గర కడిగితే ఏడున్నర నిమిషాలు పడుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో కుళాయి తిప్పితే 20 డిగ్రీల నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? ఫిలిం మీది పూత జెలటిన్‌తో చేసింది, వేడికి మెత్తబడుతుంది, గోరు తగిలితే ఊడొస్తుంది. పెద్ద తొట్టిలో నీళ్లు పోసి, మందుల సీసాలన్నీ అందులో నిలబెట్టి, ఐసుగడ్డలు కవరులో కట్టి వేయాలి. 24 డిగ్రీలకు దిగినా చాలు, సమయం అయిదు నిమిషాల చిల్లరకు తగ్గుతుంది. అయితే డెవలపర్ ఎంత చల్లగా ఉందో, హైపో, కడిగే నీళ్లు కూడా దాదాపు అంతే చల్లగా ఉండాలి. చల్లటి మందులోంచి తీసి వేడి నీళ్లలో వేస్తే పూత నెర్రెలు విచ్చుకుంటుంది. తమాషా ఏమంటే కలర్ రీలుకు ఈ బాధ లేదు. దానికి డెవలపర్ 37.8 డిగ్రీలు ఉండాలి, మూడుంబావు నిమిషాలు. మన ఎండాకాలంలో మేడ మీది ట్యాంకు నీళ్లు దాదాపు సిద్ధంగానే ఉంటాయి.

ఈ వేడి, తేమ, దుమ్ము బాధలు తెలిసే మన ప్రభుత్వం 1960లో హిందుస్థాన్ ఫోటో ఫిలింస్ సంస్థను ఉదకమండలంలో, చల్లటి కొండ మీద పెట్టింది. ‘ఇందు’ పేరుతో బ్లాక్ అండ్ వైట్ రీళ్లు, ఎక్స్‌రే ఫిలింలు అక్కడినుంచి దేశమంతా వచ్చేవి. కలర్ రాజ్యం వచ్చాక అది తట్టుకోలేకపోయింది, చివరికి మూతపడింది. మీ పాత నెగెటివ్‌ల అంచున ఇందు అనో, తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఆర్వో అనో సన్నటి అక్షరాలు ఉన్నాయేమో చూడండి.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. రీలు కడిగి, ఆరబెట్టి, ముక్కలుగా కోశాం. చేతిలో నెగెటివ్ ఉంది. దాన్ని కంప్యూటర్‌లోకి తేవాలి. ఇందుకు కాగితాలు స్కాన్ చేసే మామూలు యంత్రం పనికిరాదు. నెగెటివ్ గుండా వెలుగు పోవాలి కాబట్టి మూతలో కూడా దీపం ఉన్న ఫిలిం స్కానర్ కావాలి. లేదా కింద సమానంగా పరుచుకునే తెల్లని వెలుగు పలక పెట్టి, పైనుంచి డిజిటల్ కెమెరాకు మాక్రో లెన్స్ బిగించి ఫోటో తీయవచ్చు. సెల్‌ఫోన్‌తో తీసి రంగులు తిరగేసినా ఎవరి బొమ్మ ఏదో పోల్చుకోవడానికి సరిపోతుంది, అంతకు మించి ఆశించకూడదు.

స్కానర్ పెట్టె మీద అంగుళానికి 6400 చుక్కలని గొప్పగా రాస్తారు. బల్ల స్కానర్లు నిజంగా ఇచ్చేది అందులో సగం కూడా ఉండదు. మనకది అక్కర్లేదు కూడా. క్లిక్ త్రీ నెగెటివ్ ఒక్కో వైపు 56 మిల్లీమీటర్లు, అంటే 2.2 అంగుళాలు. అంగుళానికి 2400 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే దాదాపు 2 కోట్ల 80 లక్షల చుక్కల ఫోటో వస్తుంది. గోడకు కట్టేంత పెద్ద ప్రింటు తీయవచ్చు. అదే 35 మిల్లీమీటర్ల చిన్న నెగెటివ్‌కు ఆ లెక్కన 77 లక్షలే. పెద్ద నెగెటివ్ మహిమ అది, లెన్స్ చౌకదైనా కొలత ఆదుకుంటుంది. అంతకు మించి లాగితే లెన్స్ చూడని వివరం ఏదీ రాదు, వెండి రేణువులు మాత్రం ఇసుకలా పైకి తేలతాయి.

నెగెటివ్‌కు ఒక వైపు మెరుస్తుంది, ఒక వైపు మసకగా ఉంటుంది. మసక వైపే పూత. తిరగేసి పెడితే ఫోటో అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారి వస్తుంది. అంచున అక్షరాలుంటే చదివి సరిచూసుకోవచ్చు. అంచు కోసేసిన పాత నెగెటివ్‌లకు మా ఇంట్లో పనికొచ్చే పద్ధతి వేరే ఉంది. ఆడవాళ్ల పైట ఏ భుజం మీద ఉందో చూడండి. మన వైపు పైట ఎడమ భుజం మీద ఉంటుంది. చొక్కా జేబు కూడా మగవాళ్లకు ఎడమ వైపే. పైటా జేబూ రెండూ కుడికి పోయాయంటే నెగెటివ్ తిరగబడ్డట్టే.

దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. స్కాన్ చేసే ముందు ఫ్యాను ఆపేయండి. గదిలో తడిగుడ్డ పెట్టి నేల తుడిచి కాసేపు ఆగండి. నెగెటివ్‌ను రబ్బరు బుడ్డితో గాలి ఊది మాత్రమే శుభ్రం చేయండి, చొక్కా అంచుతో తుడవడం, నోటితో ఊదడం వద్దు. మడతలు పడి చుట్టుకుపోయిన నెగెటివ్‌ను తెల్ల కాగితాల మధ్య పెట్టి బరువైన నిఘంటువు కింద నాలుగు రోజులు ఉంచితే చదునవుతుంది. నెగెటివ్ నేరుగా స్కానర్ గాజుకు ఆనితే, వాన నీళ్ల మీద కిరసనాయిలు చుక్క పడ్డట్టు రంగుల వలయాలు వస్తాయి. రెండు నునుపైన తలాల మధ్య సన్నటి గాలి పొర వల్ల వచ్చే ఈ వలయాలకు న్యూటన్ పేరు పెట్టారు. ఫ్రేములో పెట్టి గాజుకు కాస్త ఎత్తున నిలబెడితే పోతాయి.

దుమ్మును తనంతట తానే తుడిచేసే మీట కొన్ని స్కానర్లలో ఉంటుంది. అది పరారుణ కిరణాలతో పనిచేస్తుంది. కలర్ నెగెటివ్‌లోని రంగుల గుండా ఆ కిరణం దూసుకుపోతుంది, నలుసు దగ్గర ఆగుతుంది. ఆగినచోటల్లా నలుసు ఉందని యంత్రం గుర్తిస్తుంది. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లో బొమ్మే వెండి. వెండి ఆ కిరణాన్ని ఆపేస్తుంది. పాపం యంత్రం మనిషి మొహాన్ని కూడా మురికి అనుకుని తుడవబోతుంది. అందుకే బ్లాక్ అండ్ వైట్‌కు ఆ మీట ఆపేసి, నలుసుల్ని మనమే ఒక్కొక్కటిగా తీసుకోవాలి.

అన్నిటికంటే ప్రమాదమైన మీట మీద ‘ఆటో’ అని రాసి ఉంటుంది. అది చేసేదేమంటే, ఫోటోలో అన్నిటికంటే నల్లని చోటును పూర్తి నలుపు, అన్నిటికంటే తెల్లని చోటును పూర్తి తెలుపు చేస్తుంది. హోల్గా మూలల నలుపును చూసి ఇదేదో లోపమని మధ్య భాగాన్ని తెల్లగా మండించేస్తుంది. ఎండలో నిలబడ్డవాళ్ల తెల్ల పంచెలు మడతలు లేకుండా కాగితాలైపోతాయి. ఆటో తీసేసి, 16 బిట్లలో, కాస్త చప్పగా, బూడిద బూడిదగా స్కాన్ చేసుకోండి. నలుపు ఎక్కడ ఆగాలో, తెలుపు ఎక్కడ ఆగాలో తరువాత తీరిగ్గా మీ కంటితో చూసి నిర్ణయించండి. స్టూడియో ఆయన ఎర్ర దీపం కింద చేసిన పని ఇదే.

కలర్‌లో ఇది ఇంకా సున్నితం. కలర్ నెగెటివ్ మొత్తం నారింజ రంగు పూసినట్టు ఉంటుంది. అది లోపం కాదు, రంగుల్ని సరిదిద్దడానికి కావాలని పెట్టిన పొర. తిరగేసేటప్పుడు దాన్ని తీసేయాలి. బొమ్మ పడని అంచును చూపించి ఇదే నీ ఆధారమని సాఫ్ట్‌వేర్‌కు చెబితే సగం పని అవుతుంది. మిగతా సగం ఒంటి రంగు దగ్గర. ఒకప్పుడు ల్యాబుల్లో ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి కొడాక్ వాళ్లు పంపిన నమూనా కార్డుల మీద తెల్లజాతి అమ్మాయి ఫోటో ఉండేది. ఆమె బాగా వస్తే అందరూ బాగా వచ్చినట్టే లెక్క. ఇప్పటి ఆటో మీటలు కూడా నల్లని మనిషిని చూస్తే వెలుగు తక్కువైందనుకుని తెల్లబరుస్తాయి. మన స్టూడియోల టచప్‌కు ఎలాగూ అదే జబ్బు ఉండేది. మా మేనత్త కారునలుపు, ఆ నలుపుకు తగ్గ మెరుపు. పెళ్లి ఫోటోలో ఆమె ఎవరో గోధుమరంగు ఆవిడలా ఉంటుంది. నెగెటివ్‌లో మాత్రం ఆమె రంగు ఆమెకే ఉంది.

నెగెటివ్‌లో ఏముందో ప్రింటు చెప్పదనడానికి ఇంకో ఉదాహరణ. మా తాతగారి ఇంటి ముందు తీసిన గ్రూపు ఫోటో ఒకటి ఉంది. ఆల్బంలో అది పోస్టుకార్డులో సగం. మధ్యలో కుర్చీల్లో పెద్దలు, వెనక కోడళ్లు, కింద చాప మీద పిల్లలు. నెగెటివ్‌ను స్కాన్ చేసి తెర మీద పెద్దది చేస్తే, ప్రింటులో కోసేసిన కుడి అంచున ఎదురింటి గోడ వచ్చింది. గోడ మీద కుటుంబ నియంత్రణ వాళ్ల తలకిందుల త్రికోణం, దాని కింద ‘ఇద్దరు లేక ముగ్గురు చాలు’ అన్న రాత. చాప మీద కూర్చున్న పిల్లల్ని లెక్కపెట్టే సాహసం ఎవరూ చేయలేదు. త్రికోణం పక్కనే సైకిలు ఆనించి ఒకాయన నిలబడి ఫోటో తీయడాన్ని వింతగా చూస్తున్నాడు. పోస్టుమాన్ అని అమ్మ గుర్తుపట్టింది. అంతమందిలో కళ్లు చికిలించని మనిషి ఆయనొక్కడే, గోడ నీడలో ఉన్నాడు కనుక.

అలాంటి నెగెటివ్‌ను ఎంతవరకు శుభ్రం చేయాలి? నిన్న పడిన దుమ్మును తీసేస్తాను. స్కానర్ గాజు మీది నలుసును తీసేస్తాను. కానీ డబ్బాలోకి చొరబడిన వెలుగు చార, ఎర్ర కిటికీ గుండా పడిన మచ్చ, నల్ల కాగితం మీది అంకె ఫిలిం మీద అచ్చు పడిన గుర్తు, ఇవి ఆ రోజు ఆ కెమెరాలో జరిగినవి. వాటి జోలికి పోను. ఎవరి మొహానికైనా అడ్డం వస్తే, మరో కాపీ తీసి దాంట్లో తుడుస్తాను, మొదటిది మొదటిదిలాగే ఉంచుతాను. మూలల్ని వెలిగించి, అంచుల్ని పదును పెట్టి, నేటి ఫోన్‌లో తీసినట్టు చేయడం కొందరికి సరదా. అలా చేసిన ఫోటోలు చూశాను. చెక్కిళ్లు మైనం బొమ్మల్లా నున్నగా, కళ్లు లేనిపోని మెరుపుతో ఉన్నాయి. వాళ్లు మనవాళ్లు కారు.

స్కాన్ అయిపోయింది కదా అని నెగెటివ్‌ను పారేయకండి. ఫైలుకు రెండు మూడు చోట్ల నకళ్లుండాలి, ఏడాదికోసారి తెరిచి చూసుకోవాలి. నెగెటివ్‌కు చీకటి, పొడి గాలి చాలు. మెత్తటి ప్లాస్టిక్ ఆల్బం కవర్లలో కాకుండా ఆమ్లం లేని కాగితపు కవర్లలో పెట్టి, సిలికా జెల్ పొట్లం పడేసి, బీరువాలో మధ్య అరలో ఉంచండి. అటక మీద వేడి, మంచం కింద తేమ. తీసి చూసినప్పుడు పులిసిన వాసన, వెనిగర్ వాసన కొడితే ఫిలిం పట్టీ చెడిపోవడం మొదలైందన్నమాట. వాటిని మిగతావాటికి దూరంగా పెట్టి ముందు వాటినే స్కాన్ చేయండి.

ఇంట్లో ఇదంతా కుదరనివాళ్లు ల్యాబుకే ఇస్తారు. ఇచ్చేటప్పుడు నోటితో చెప్పి ఊరుకోకుండా కవరు మీద రాయండి. నెగెటివ్‌లు తిరిగి కావాలి. చాలా చోట్ల స్కాన్లు మెయిల్‌లో పంపి, నెగెటివ్‌లు ఎవరూ అడగరని చెత్తలో వేస్తున్నారు. 120 అయితే మూడేసి బొమ్మల చొప్పున కోయమనండి, ఒక్కొక్కటిగా కోస్తే తరువాత ఏ ఫ్రేములోనూ నిలవదు. స్కాన్‌లో అంచులు కోయవద్దని, ఆటో రంగు వద్దని, జేపెగ్ కాకుండా టిఫ్ ఫైలు కావాలని రాయండి. డబ్బులు కాస్త ఎక్కువే అడుగుతారు. కౌంటరులో కుర్రాడు కవరు తిప్పి చూసి, ‘ఇంత పాత వాటికి ఇన్ని షరతులా సార్’ అంటాడు. అవునని చెప్పి రసీదు తీసుకోండి.